గీజరు కొనేముందు లెక్క చూసుకుందాం

చలికాలం మొదలైతే చాలు, శంషాబాదు చుట్టుపక్కల గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు మమ్మల్ని ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. "అయ్యగారూ, గీజరు పెట్టించుకోవాలంటే ఎంతవుతుంది?" అడిగేవారిలో కొత్తగా స్లాబు వేసుకున్నవారున్నారు, వెనుక రెండు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చేవారున్నారు, ఇంట్లో బాలింత ఉన్నదని తొందరపడే అత్తగార్లున్నారు. పండుగ ఖర్చులలోనే దీన్నీ కలిపేద్దామని చూసే తండ్రులూ ఉన్నారు. దుకాణంలో చెప్పిన ధర వారికి ముందే తెలుసు. ఆ ధర సరైనదేనా, ఇంకా ఏమైనా కావాలా అన్నదే వారి సందేహం.

ఇంకా చాలా కావాలి. దుకాణంలో గీజరుకు ఎంత చెల్లిస్తామో, దాన్ని ఇంట్లో క్షేమంగా నిలబెట్టడానికి దాదాపు అంతే చెల్లించవలసి వస్తుంది. ఈ రెండవ ఖర్చు దగ్గరే మన కుటుంబాలు పిసినారితనం చూపుతున్నాయి. గోడకు తగిలించిన తెల్లని డబ్బా వచ్చినవారందరికీ కనబడుతుంది, భూమిలో పాతిన ఎర్త్ పైపు ఎవరికీ కనబడదు. కనబడనిదాని మీద డబ్బు పెట్టడానికి మనసొప్పదు గనుకనే ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

కట్టెల పొయ్యి పోయింది

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుండి శంషాబాదుకు వచ్చింది. అంతకు మునుపు ఈ పల్లెల్లో వేన్నీళ్ళంటే పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబట్టిన కాగు. కంప కొట్టుకొచ్చేందుకు ఊరి చివర బీడు భూములుండేవి. ఇప్పుడు ఆ బీళ్ళలో చాలా భాగం ప్లాట్లయ్యాయి, వాటి చుట్టూ ప్రహరీలు లేచాయి. రాళ్ళగూడలోగాని, తొండుపల్లిలోగాని, పాల్మాకులలోగాని కట్టెలు కొనుక్కోకుండా రోజూ పొయ్యి వెలిగించగల ఇల్లు ఎన్ని ఉంటాయో మీరే చూడండి.

పొయ్యి మీద బకెట్టెడు స్నానపు నీళ్ళు కాగాలంటే రమారమి ఒక కిలో కట్టెలు కావాలి. కట్టెలోని వేడిలో పదో వంతు మాత్రమే నీళ్ళకు అందుతుంది, మిగిలినది గాలికీ పొగకూ పోతుంది. ఐదుగురున్న ఇంటికి రోజుకు ఐదు కిలోలు! రాగి బాయిలరు ఉన్నవారికి నిప్పు మధ్య గొట్టంలోనే ఉంటుంది గనుక కట్టెలు చాలా ఆదా అవుతాయి. ఆ బాయిలరు ఉన్నవారు దాన్ని పాత సామాన్లవానికి అమ్ముకోవద్దని మా మాట. పైన ట్యాంకు లేని రేకుల ఇంటికి ఈనాటికీ అదే మంచి సాధనం.

పొయ్యి మీద కాగిన నీళ్ళతో ఇంకొక చిక్కున్నది. ఆ కాగును ఇద్దరు పట్టుకొని వాకిలి దాటించాలి. కాళ్ళ మధ్య పిల్లలు తిరుగుతుంటారు. సలసల కాగిన నీళ్ళు మీదపడి ఒళ్ళు కాలిన పసివారి గూర్చి వినని ఊరు మనకు లేదు. గీజరు విలాసం, పల్లెవాళ్ళకెందుకు అనే పెద్దలు ఈ సంగతి కూడా ఆలోచించాలి. తెల్లవారుజామున ఆ కాగు మోసేది సాధారణంగా ఆ పెద్దలు కారు, ఇంటి కోడలు.

విమానాశ్రయం వచ్చాక ఇంకొక మార్పు వచ్చింది. సామాను ఎక్కించేవారు, శుభ్రం చేసేవారు, సెక్యూరిటీవారు, క్యాబులు నడిపేవారు వేల సంఖ్యలో ఈ చుట్టుపక్కల ఒంటి గదులలో అద్దెకుంటున్నారు. వారికి రాత్రి రెండింటికి, మూడింటికి డ్యూటీ ఉంటుంది. జనవరిలో ఆ వేళకు లేచి పొయ్యి వెలిగించేవారెవరు? నిద్రకళ్ళతో బకెట్టులో హీటరు రాడ్డు వేసి, "పది నిమిషాలు పడుకుందాం" అని మళ్ళీ కన్ను మూస్తారు. మా దృష్టిలో అన్నిటికంటె ప్రమాదకరమైన పద్ధతి ఇదే.

ఒక బకెట్టుకు అర యూనిట్

గీజరు పెడితే కరెంటు బిల్లు మోగిపోతుందని కొందరు, రాడ్డు చవక గనుక కరెంటు కూడా తక్కువ తాగుతుందని కొందరు అంటుంటారు. రెండు మాటలూ పూర్తిగా నిజం కావు. నీళ్ళు వేడెక్కడానికి కావలసిన శక్తి ఎంతో అంతే. అది రాడ్డు నుండి వచ్చినా, గీజరు నుండి వచ్చినా తేడా లేదు. చలికాలపు ఉదయం మన ట్యాంకు నీళ్ళు 20 డిగ్రీలుంటాయనుకోండి. 20 లీటర్ల బకెట్టును 40 డిగ్రీల గోరువెచ్చదనానికి తేవాలంటే దాదాపు అర యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. 1500 వాట్ల రాడ్డుకు ఇరవై నిమిషాలు పడుతుంది. 3000 వాట్ల చిన్న ఇన్‌స్టంట్ గీజరుకు పది నిమిషాల లోపే. సమయంలోనే తేడా, యూనిట్లలో కాదు.

మరి గీజరుకు ఎక్కువ బిల్లు ఎందుకు వస్తుంది? స్విచ్చి ఆపకపోవడం వల్ల. నిలువ గీజరులో కాగిన నీళ్ళు పగలంతా మెల్లమెల్లగా చల్లారుతుంటాయి, అది మళ్ళీ మళ్ళీ కాచుకుంటుంది. గీజరు మీద అతికించే నక్షత్రాల గుర్తు ఈ చల్లారే నష్టం ఎంత తక్కువో చెప్పేదే. ఐదు నక్షత్రాలుంటే మందమైన పొర లోపల వేడి నిలుస్తుందని అర్థం. స్నానాలకు అరగంట ముందు వేసి, ముగియగానే ఆపే ఇంటికి ఆ నక్షత్రాల వల్ల కలిగే లాభం కొద్దిదే. రోజంతా వేసి ఉంచే ఇంటికి మాత్రం అది పెద్ద సంగతి.

ఎన్ని లీటర్లది కొనాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 15 లీటర్ల గీజరులో నీళ్ళు 60 డిగ్రీలకు కాగితే, వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నట్టు అంతే చల్లని నీళ్ళు కలుపుకుంటే 30 లీటర్ల స్నానపు నీళ్ళవుతాయి. అంటే బకెట్టున్నర. తిరిగి కాగడానికి 2 కిలోవాట్ల గీజరుకు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. ఒకరి తరువాత ఒకరు వెళ్ళే ఇంటికి ఇది సరిపోతుంది. 25 లీటర్లదైతే రెండున్నర బకెట్లు. ఒకేసారి ముగ్గురు బడికి బయలుదేరే ఇంటికి అది సౌకర్యమే. ఇద్దరే ఉన్న ముసలి దంపతులకు 25 లీటర్లది అంటగట్టే దుకాణదారుని మాట వినవలసిన పని లేదు.

ఇంట్లో పసివారు, ముసలివారు ఉంటే వేడి తిప్పే మీటను 50 దగ్గర ఉంచండి. 60 డిగ్రీల నీళ్ళు ఒంటిమీద ఐదు సెకన్లు పడితే చాలు, చర్మం లోతుగా కాలిపోతుంది. 50 డిగ్రీల దగ్గర అదే గాయానికి నిమిషాలు పడుతుంది, ఈలోగా మనిషి తప్పుకోగలడు.

ఎర్త్ లేని ఇంట్లో గీజరు వద్దు

2022 అక్టోబరులో హైదరాబాదు లంగర్‌హౌజ్‌లో యువ దంపతులిద్దరు స్నానాల గదిలో మరణించారు. గీజరు నుండి కరెంటు షాకు తగిలి ఉంటుందని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. అది మనకు దూరపు ఊరేమీ కాదు. ఆ వార్త చదివి మేమెరిగిన కొన్ని ఇళ్ళలో గీజరు వాడటమే మానివేశారు. మరికొన్ని ఇళ్ళలో నాలుగు రోజులు భయపడి మరచిపోయారు. చేయవలసిన పని ఈ రెండూ కాదు.

గీజరులో నీళ్ళను కాచే కడ్డీకి పైన లోహపు తొడుగు ఉంటుంది. కొన్నేళ్ళకు దానిమీద సున్నం పేరుకుంటుంది, తొడుగు చిల్లు పడుతుంది లేదా చీలుతుంది. అప్పుడు కరెంటు నేరుగా నీళ్ళలోకీ, గీజరు లోపలి లోహపు తొట్టిలోకీ దిగుతుంది. ఇంటికి మంచి ఎర్త్ ఉంటే ఆ కరెంటు ఎర్త్ తీగ వెంట భూమిలోకి దూకుతుంది, ఆ దూకుడుకు ఎం.సి.బి. పడిపోతుంది, ఇంట్లో కరెంటు ఆగుతుంది. ఎర్త్ లేకపోతే ఆ కరెంటు దారి కోసం కాచుకొని ఉంటుంది. తడి ఒంటితో, తడి నేలమీద, ఇనుప కుళాయి పట్టుకున్న మనిషే ఆ దారి అవుతాడు.

ఇది చాలామందికి తెలియని విషయం: కరెంటు స్తంభం నుండి మన ఇంటికి వచ్చేవి ఫేజు, న్యూట్రల్ అనే రెండు తీగలే. ఇంటి ఎర్త్ ఎవరికి వారే వేయించుకోవాలి. పాత ఇళ్ళలో, చవకగా కట్టిన పోర్షన్లలో ప్లగ్గుకు మూడు రంధ్రాలుంటాయి గాని పైన ఉన్న పెద్ద రంధ్రం వెనుక తీగే ఉండదు. ఇంతకంటె ఘోరం, కొందరు పనివాళ్ళు ఆ మూడవ రంధ్రాన్ని న్యూట్రల్‌కు కలిపి "ఎర్త్ ఇచ్చేశాం" అంటారు. ఎప్పుడైనా న్యూట్రల్ తీగ తెగిందా, గీజరు ఒళ్ళంతా కరెంటే. ఇంకొందరు నీళ్ళ పైపుకు చుట్టేస్తారు. వెనుకటికి ఇనుప పైపులున్నప్పుడు ఏమో గాని, ఇప్పటి ప్లాస్టిక్ పైపుకు చుట్టిన తీగ ఎందుకూ పనికిరాదు.

మంచి ఎర్త్ అంటే ఏమిటి? రెండున్నర మీటర్ల జి.ఐ. పైపు భూమిలోకి నిలువుగా దిగాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయాలి, పైన చిన్న తొట్టి కట్టి నీళ్ళు పోయడానికి వీలుంచాలి. అక్కడినుండి తీగ తెగకుండా మీటరు బోర్డుకూ, గీజరు ప్లగ్గుకూ రావాలి. మా ప్రాంతపు నేల మొరం, దాని కింద రాయి. వేసవిలో ఎండి గట్టిపడుతుంది, ఎండిన మొరం కరెంటును తీసుకోదు. అందుకని ఎర్త్ గుంటను గోడకు ఐదడుగుల ఎడంగా, స్నానాల గది వాడుక నీరు పారే జామచెట్టు పాదు వంటి చోట తవ్వించమని మేము చెబుతుంటాము. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండు బకెట్ల నీళ్ళు పోస్తే చాలు. ఉప్పువల్ల నట్టు, బోల్టు తుప్పు పడతాయి, ఏడాదికొకసారి విప్పి చూడాలి.

ఎర్త్ పని చేస్తున్నదా లేదా అన్నది పనివాడు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల పాతరకం బల్బు పెట్టి చూపగలడు. న్యూట్రల్‌తో ఎంత కాంతిగా వెలుగుతుందో ఎర్త్‌తో కూడా అంతే వెలగాలి. మినుకు మినుకుమంటే ఎర్త్ బలహీనం. ఈ పరీక్షను మీరు చేయకండి, పనివాని చేత మీ కళ్ళ ముందు చేయించండి. చేయనంటే ఇంకొక పనివాణ్ణి పిలవండి.

ఎర్త్‌తో పాటు ఆర్.సి.సి.బి. అనే రక్షణ స్విచ్చి కూడా మీటరు బోర్డు దగ్గర పెట్టించాలి. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వస్తున్నదా అని అది కనిపెడుతూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు ఎక్కడైనా దారి తప్పితే, అది మనిషి ఒంటి గుండా పోయినా సరే, రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒక్కటి చాలు. గీజరుకే గాక ఫ్రిజ్జుకూ, నీళ్ళ మోటారుకూ, కూలరుకూ అదే కాపలా. దానిమీద ఉండే చిన్న పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కితే పడిపోవాలి.

ఇవన్నీ ఉన్నా సరే, స్నానానికి దిగేముందు స్విచ్చి ఆపే అలవాటు మానవద్దు. రాడ్డు వాడేవారైతే ప్లగ్గు పీకిన తరువాతనే నీళ్ళలో వేలు పెట్టాలి. ఇనుప బకెట్టులో రాడ్డు అసలే వద్దు. ప్లాస్టిక్ బకెట్టులో కూడా రాడ్డు మీది గీత మునిగేదాకా నీళ్ళుండాలి. పిల్లలు తిరిగే నడవాలో పెట్టకూడదు. రాడ్డు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు ఐ.ఎస్. 368 అన్న అంకె, నిలువ గీజరైతే ఐ.ఎస్. 2082 అన్న అంకె ఉన్నదేమో చూడండి. సంతలో కుప్పపోసి అమ్మేవాటిమీద అది కనబడదు.

అయ్యే ఖర్చు

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఈ ధరలు ఊరినిబట్టి, కంపెనీనిబట్టి మారేవే గనుక రమారమిగా చెబుతున్నాము. పేరున్న కంపెనీ 15 లీటర్ల గీజరు ఆరున్నర వేల నుండి పది వేల వరకు ఉంటుంది. ఈ ధరలో 18 శాతం జి.ఎస్.టి. కలిసే ఉంటుంది. మీటరు బోర్డు నుండి స్నానాల గదికి విడిగా తీగ లాగడానికి, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గుకు, దాని ఎం.సి.బి.కి, కూలికి కలిపి రెండు వేల నుండి మూడున్నర వేలు. ఆర్.సి.సి.బి.కి పదిహేను వందల నుండి రెండున్నర వేలు. ఎర్త్ గుంటకు రెండున్నర నుండి నాలుగు వేలు. నీళ్ళ పైపులు, కుళాయిలు, ప్లంబరు కూలి రెండు నుండి నాలుగు వేలు. అన్నీ కూడితే తక్కువలో తక్కువ పద్నాలుగున్నర వేలు, ఎక్కువలో ఇరవై నాలుగు వేలు.

ఇందులో దేన్ని తగ్గించుకోవాలని అడిగితే గీజరును తగ్గించుకోండి అంటాము. డిజిటల్ అంకెలు చూపేది, రిమోటు ఉన్నది, రంగు దీపాలున్నది మనకెందుకు? తీగ దగ్గర మాత్రం తగ్గించవద్దు. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది, 3 కిలోవాట్లది 13 లాగుతుంది. టీవీకి పెట్టుకునే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే చేసింది. దానికి గీజరు తగిలిస్తే ప్లగ్గు నల్లబడి కరుగుతుంది. తీగ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగిది కావాలి, లైట్లకు వేసిన సన్న తీగ పనికిరాదు.

మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద అచ్చువేసి ఉంటుంది. చాలా ఇళ్ళకు ఒక కిలోవాటే ఉంటుంది. దాని మీద 2 కిలోవాట్ల గీజరు వేస్తే సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి అదనపు లోడుకు డబ్బు కట్టించుకోవాలి. ఎవరు చూస్తారులే అనుకునేవారు ఎక్కువ. కాని ఒక వీధిలో ఇరవై ఇళ్ళు చెప్పకుండా గీజర్లు పెడితే ఉదయం ఆరు గంటలకు ట్రాన్స్‌ఫార్మరు మోయలేక ఫ్యూజు కొట్టేస్తుంది. అప్పుడు లైన్‌మ్యాన్‌ను తిట్టి ప్రయోజనం లేదు.

రెండు వందల గీత

మన తెలంగాణలో తెల్ల రేషన్ కార్డున్న కుటుంబాలకు 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం అమలవుతున్నది. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు. మన సంఘాల్లో ఎంతోమందికి ఇది నిజమైన ఊరట. కాని ఆ గీత దాటితే దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తం బిల్లు కట్టుకోవాలి.

2022 ఏప్రిల్‌లో వచ్చిన టారిఫ్ ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి రెండు వందలకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ తరువాత 300 వరకు 7 రూపాయల 70 పైసలు పడుతుంది. కాబట్టి 199 యూనిట్లు కాల్చిన ఇంటికి సున్నా వస్తే, 210 కాల్చిన పక్కింటికి 1,097 రూపాయలు, ఆపైన ఇతర ఛార్జీలు కలిసి వస్తాయి. పదకొండు యూనిట్లకు పదకొండు వందలు!

ఐదుగురు రోజూ ఒక్కొక్క బకెట్టు వేన్నీళ్ళు పోసుకుంటే రెండున్నర యూనిట్లు. చల్లారే నష్టం కలిపితే మూడు వరకు పోతుంది, నెలకు 90. ఇంతకు ముందు మీ నెల వాడకం 100 లోపు ఉంటే నిశ్చింతగా గీజరు వేసుకోవచ్చు. 120, 130 ఉంటే జాగ్రత్త. అందరికీ నిండు బకెట్టు కాకుండా, సగం బకెట్టు వేడి చేసి తోడుగా చల్లనివి కలుపుకోవాలి, లేదా పసివారికీ ముసలివారికీ మాత్రమే వాడాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఫ్యాన్లు తిరగవు, ఫ్రిజ్జు తక్కువ పనిచేస్తుంది గనుక కొంత కలిసి వస్తుంది. మేము చూసినంతలో ఎక్కువమంది గీత దాటేది ఫిబ్రవరి చివర, మార్చి మొదట. అప్పటికి ఫ్యాన్లు మొదలవుతాయి, గీజరు అలవాటు మాత్రం పోదు. శివరాత్రికి చలి శివశివా అని పోతుందని మన పొరుగువారు ఊరికే అనలేదు. ఆ వేళకు గీజరు స్విచ్చి కూడా ఆపివేయడం మంచిది.

మీటరు మీది అంకెను నెలలో ఇరవయ్యో రోజున ఒకసారి చూసుకుంటే చాలు, మిగిలిన పది రోజులు ఎలా నడుపుకోవాలో తెలిసిపోతుంది. చదువుకునే పిల్లలకు ఈ పని అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

నీళ్ళు, పైపులు

మా ప్రాంతపు బోరు నీళ్ళు ఉప్పన. టీ కాచే గిన్నె అడుగున తెల్లని పెంకు కడుతుందంటే గీజరు కడ్డీకి కూడా కడుతుంది. పెంకు కట్టిన కడ్డీ నీళ్ళకు వేడినివ్వలేక తానే వేడెక్కి పాడవుతుంది. నల్లా నీళ్ళు వచ్చే ఇళ్ళవారు గీజరుకు అవి వెళ్ళేటట్లు చూసుకుంటే మంచిది. బోరే గతి అన్నవారు రెండేళ్ళకొకసారైనా విప్పించి శుభ్రం చేయించాలి. గీజరు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తొట్టి తుప్పు పట్టకుండా ఆ తుప్పును తాను తీసుకొని అది కరిగిపోతుంది. శుభ్రం చేసేటప్పుడు అరిగి ఉంటే మార్పించాలి. ఉప్పు నీళ్ళకు లోపల గాజు పూత ఉన్న తొట్టి మేలు.

వేన్నీళ్ళ వైపు మామూలు తెల్ల పి.వి.సి. పైపు వేయకూడదు, వేడికి మెత్తబడి అతుకులు ఊడతాయి. సి.పి.వి.సి. వేయాలి. గీజరుతో ఇచ్చే చిన్న ఇత్తడి వాల్వును "దీనివల్ల నీళ్ళు కారుతున్నాయి" అని తీసిపారేసే ప్లంబర్లున్నారు. లోపల ఆవిరి ఒత్తిడి పెరిగితే బయటికి వదిలేది అదే, దాన్ని తీయనివ్వకండి. గోడ విషయం కూడా చూడాలి. 15 లీటర్ల గీజరు నీళ్ళతో కలిపి పాతిక కిలోల వరకు తూగుతుంది. సగం ఇటుక గోడకు చిన్న మేకులతో తగిలించేది కాదు.

గ్యాసు, ఎండ

గ్యాసు గీజరు గూర్చి ఒక్క మాటే. తలుపు మూసిన స్నానాల గదిలో అది వద్దు. మంట గదిలోని గాలిని తినేసి, రంగూ వాసనా లేని విషవాయువును వదులుతుంది, మనిషి తెలియకుండానే సొమ్మసిల్లి పోతాడు. పెట్టాలంటే గది బయట, గాలి ఆడే చోట పెట్టి వేన్నీళ్ళను మాత్రం లోపలికి తేవాలి. పొదుపు కూడా పెద్దగా లేదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదులో 14.2 కిలోల బండ 905 రూపాయలైంది. ఆ ధరకు బకెట్టు నీళ్ళు మూడు రూపాయలకు దగ్గర పడతాయి. కరెంటుతో, యూనిట్ 5 రూపాయల 10 పైసలున్నా, రెండున్నరే.

సోలారు మంచిదే. దక్షిణానికి ఎండ తగిలే స్లాబు, దానికంటె ఎత్తుగా చన్నీళ్ళ ట్యాంకు, 100 లీటర్లదానికి ఇరవై, ముప్పై వేలు కావాలి. 2025 సెప్టెంబరులో దీనిమీద జి.ఎస్.టి. 12 నుండి 5 శాతానికి తగ్గింది. కాని మనకు వేన్నీళ్ళు గట్టిగా కావలసింది నవంబరు నుండి ఫిబ్రవరి దాకానే. ఒక్క కుటుంబానికి ఆ డబ్బు తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఏడాది పొడుగునా వేన్నీళ్ళు కావలసిన హాస్టలు, వృద్ధాశ్రమం, పది గదులు అద్దెకిచ్చే ఇల్లు ఉన్నవారు మాత్రం కరెంటు గీజరుకు ముందు దీన్నే ఆలోచించాలి.

అద్దె గదులు కట్టినవారికి

విమానాశ్రయ ఉద్యోగులకు గదులు అద్దెకిచ్చే మన విశ్వాసులు కొందరు "గీజరు కలదు" అని బోర్డు వ్రాసి అద్దె ఐదు వందలు పెంచుతున్నారు. న్యాయమే. కాని ఆ ఐదు వందలు తీసుకునే ముందు ఆ గదికి ఎర్త్ తీగ వెళ్ళిందా అన్నది చూడవలసింది ఇంటి యజమానే. కిరాయిదారు గోడ పగలగొట్టి చూడలేడు. ఎక్కడో ఒడిశా నుండో, పాలమూరు నుండో వచ్చిన కుర్రవాడు, అడగడానికి మొగమాటపడతాడు. ఆరు గదులున్నచోట ఒక్కొక్క గదికి ఒక గీజరు పెట్టడం కంటె ఉమ్మడి స్నానాల గదిలో ఒక మంచి గీజరు, గట్టి తీగ, ఎర్త్, ఆర్.సి.సి.బి. పెట్టడం చవక, క్షేమం. వీలులేకపోతే గదిలో రాడ్డు వాడకానికి 16 ఆంపియర్ల ప్లగ్గైనా ఎర్త్‌తో బిగించి ఇవ్వాలి. రాడ్డు వాడవద్దని గోడమీద వ్రాసినంత మాత్రాన తెల్లవారుజామున మూడు గంటలకు చలి తగ్గదు.

అద్దెకుండేవారు కూడా గదిలో చేరేముందు ఒక మాట అడగండి: "ఎర్త్ ఎక్కడ వేశారండీ?" వేసిన యజమాని పెరట్లోకి తీసుకెళ్ళి చూపిస్తాడు.

ఈ పని పెట్టుకోదలచినవారు వానలు వెనుకబట్టిన వెంటనే, అక్టోబరులోనే ఎర్త్ గుంట తవ్వించండి. అప్పటికి మొరం మెత్తగా ఉంటుంది, గడ్డపార దిగుతుంది, ఒక్క కూలీ ఒక్క పూటలో ముగిస్తాడు. డిసెంబరు వచ్చాక కరెంటు మేస్త్రీలూ ప్లంబర్లూ చేతికి దొరకరు, దొరికినా రెట్టింపు అడుగుతారు. గుంట తవ్వి పైపు దించి ఉంచుకుంటే, గీజరు వచ్చే ఏడాది కొన్నా ఇంట్లో ఉన్న ఫ్రిజ్జుకూ మోటారుకూ ఆనాటినుండే అది పనికివస్తుంది.